అత్తకు పోసిన అమ్మవారు

మా అత్త మంచాన పడ్డాక మా ఇంట్లో చెమట అనే మాటకు అర్థం మారిపోయింది. "అమ్మాయ్, చెమట పట్టిందే" అని లోపలి గదిలోంచి పిలుపు వచ్చిందంటే పక్కబట్ట తడిసిందని. ఎండాకాలంలో అంటే సరే, మాచర్లలో చెమట పట్టనిది ఎవరికి. పుష్యమాసంలో దుప్పటి కప్పుకుని వణుకుతూ కూడా ఆమె చెమటనే అనేది. నేనూ అదే అనేదాన్ని. మా ఆయన లారీ దిగి ఇంటికొచ్చి "అమ్మకెట్టా ఉంది?" అని అడిగితే "పొద్దుట్నుంచి ఒకటే చెమట" అని చెప్పేదాన్ని. ఆయనకూ తెలుసు. అసలు మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు.

ఆ పిలుపైనా వేళకు వస్తే నాకంత గొడవ ఉండేది కాదు. వచ్చేది కాదు. తడిసిన చాలాసేపటికి, ఇక మంట ఓర్చుకోలేనప్పుడు పిలిచేది. అక్కడే మా ఇద్దరికీ చెడింది.

మా అత్త ఒకరి చేత చేయించుకునే మనిషి కాదు. నాపరాయి క్వారీలో పలకలు మోసి ఇద్దరు బిడ్డల్ని పెంచింది. ఆమె గొంతు వీధి చివరిదాకా వినపడేది. చుట్టుపక్కల ఎవరి పిల్లాడికి ఒంటిమీద పొక్కులు లేచినా ముందు ఆమెకే కబురొచ్చేది. వెళ్లి చూసి, ఇది తట్టు, ఇది ఆటలమ్మ, ఇది ఉత్త చెమటకాయలు అని తేల్చేది. అమ్మవారే అని తేలిస్తే ఇక ఆ ఇంట్లో తాలింపు వేయకూడదు, సబ్బు ముట్టకూడదు, రోగికి పక్కబట్ట మార్చకూడదు, ఒంటికి నీళ్లు తగలకూడదు. తలకు ఎప్పుడు నీళ్లు పోసి తల్లిని సాగనంపాలో కూడా మా అత్తే చెప్పాలి. ఆమె చెప్పేదాకా ఆ ఇంటివాళ్లు గుమ్మానికి వేపమండలు కట్టుకుని కూర్చునేవాళ్లు.

అలాంటి మనిషి పెరట్లో బట్టలుతికే బండ మీద పాకుడుకు జారి పడింది. తుంటి విరిగింది. నరసరావుపేట ఆసుపత్రిలో కాలికి బరువు కట్టి వేలాడదీసి, కొన్నాళ్లు చూసి, ఈ వయసులో ఇంతకంటే చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు.

బయల్దేరే ముందు ఒక నర్సమ్మ నన్ను వార్డు చివరి మంచం దగ్గరికి తీసుకెళ్లింది. ఒక ముసలాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన్ని అడిగి దుప్పటి పక్కకు తీసింది. నడుం కింద, సరిగ్గా ఎముక ఉండే చోట, పిడికిలి పట్టేంత గుంట. లోపల తెల్లగా కనిపించిందేమిటో నేను అడగలేదు. బయటికొచ్చాక ఆమె చెప్పింది. "ఆయన ఇంట్లోవాళ్లు చెడ్డోళ్లు కాదమ్మా. వేళకు అన్నం పెట్టారు, మందులేశారు. తడి తియ్యలేదు, అటూ ఇటూ తిప్పలేదు, అంతే." తర్వాత నా చెయ్యి పట్టుకుని నా ముంజేతి మీదే చూపించింది. ఎర్రబడిన చోట బొటనవేలితో నొక్కి చూడాలట. నొక్కితే తెల్లబడి, వేలు తీయగానే మళ్లీ ఎర్రబడితే చర్మం బతికే ఉన్నట్టు. ఎంత నొక్కినా తెల్లబడకుండా ఎరుపు అలాగే నిలిచిపోతే లోపల చెడటం మొదలైనట్టు.

ఇంటికొచ్చాక నాకు అన్నం ముందు కూర్చున్నా ఆ గుంటే కనపడేది. ఇప్పుడు మందుల షాపుల్లో పెద్దవాళ్లకు డైపర్లు దొరుకుతున్నాయి. ఎనభైలలో మాకు తెలిసిందల్లా పాత చీరలే. నులక తాళ్లు గుచ్చుకుంటాయని నవారు మంచం తెప్పించాను. దానిమీద బొంత, బొంతమీద యూరియా సంచి లోపల ఉండే ప్లాస్టిక్ కవరు, అది ఒంటికి తగిలితే ఉక్కపోసి ఇంకా చెడుతుందని దానిమీద నాలుగు మడతల నూలు చీర. తడిసినప్పుడల్లా చీర తీసెయ్యడం, గోరువెచ్చని నీళ్లతో కడగడం, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దడం, కొబ్బరినూనె రాయడం, పక్కకు తిప్పి వీపుకు ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టడం. పని కష్టం కాదు. మా అత్తతో కష్టం.

తడుస్తుందని మంచినీళ్లు తాగడం మానేసింది. గ్లాసు నోటి దగ్గర పెడితే "దప్పిక్కాలా" అని మొహం తిప్పుకునేది. తాగకపోతే తడవడం ఆగుతుందా? ఆగదు, చిక్కబడి కళ్లు మండేంత ఘాటుతో వచ్చేది. ఇంక చర్మం సంగతి చెప్పాలా. నేను దుప్పటి కిందికి చెయ్యి పెట్టి చూడబోతే చెయ్యి మీద ఒక్కటేసేది. "ఏందే ఆ తడమటం? నేనేమన్నా ఈననున్న బర్రెనా?" అనేది. దోమలున్నాయి, సాంబ్రాణి వెయ్యమని అడిగిందంటే తడిసిందని లెక్క. పట్టపగలు దోమలేంటత్తా అని నేను అరిచేదాన్ని. పక్కింటివాళ్లు మా కాపురం రోజూ వింటూనే ఉండేవాళ్లు.

చూడటానికి వచ్చేవాళ్లు గుమ్మం దాటి లోపలికి వచ్చేవాళ్లు కాదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఎట్టా ఉన్నావొదినా" అని అక్కడ్నించే పలకరించి వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల అడుగుల చప్పుడు వినపడగానే మా అత్త కళ్లు మూసుకుని నిద్ర నటించేది.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నమైతే నాపరాళ్ల గచ్చు పెనంలా కాలేది, కిటికీలోంచి వడగాడ్పు కొట్టేది. అప్పుడు మొదలైంది అత్తకు ఒరుపు. గజ్జల్లో, పిరుదుల మీద ఎర్రగా కందిపోయి, ఆ ఎరుపు చుట్టూ చిన్న చిన్న తెల్లటి పొక్కులు లేచాయి. నడుం కింద ఎముక మీద కూడా ఎరుపు కమ్మింది. నొక్కి చూశాను. తెల్లబడింది, వేలు తీయగానే తిరిగి ఎర్రబడింది. గండం ఇంకా ముంచుకు రాలేదనుకుని కడగడం, ఆరబెట్టడం ఇంకా ఎక్కువ చేశాను. మా ఆయన అప్పుడు పలకల లోడుతో మద్రాసు వైపు పోయి ఉన్నాడు.

అదే వారంలో ఆయన అక్క, నాకు వదిన, గురజాల నుంచి తల్లిని చూడటానికి వచ్చింది. మంచి మనిషే. తల్లంటే ప్రాణం. వచ్చిన పొద్దున నాతో పాటు ఒక చెయ్యి వేసి తల్లిని పక్కకు తిప్పింది. తిప్పగానే ఆ పొక్కులు చూసి చేతులు వెనక్కి తీసుకుంది.

"తల్లొచ్చిందే" అంది.

"కాదొదినా, తడికి ఒరిసింది" అన్నాను. ఆ మాటకు మంచం మీద మా అత్త ఒళ్లు బిగుసుకోవడం నా చేతికి తెలిసింది.

"నువ్వు నోరు ముయ్యి. ఎనక వీధిలో ఇద్దరు పిల్లలకి పోసిందంటగా" అని, వదిన తల్లి మీదికి వంగి "అమ్మా, తల్లేనా?" అని అడిగింది.

మా అత్త కళ్లు మూసుకుని, "అవునే. తెల్లారగట్ట కల్లోకొచ్చింది. పచ్చ చీర కట్టుకునొచ్చి నా మంచం మీదే కూచుంది" అంది.

ఇంక చెప్పేదేముంది. వీధి మొత్తానికి అమ్మవారిని తేల్చే మనిషే చెప్పాక కాదనడానికి నేనెవరిని? గంట తిరక్కుండా గుమ్మానికి వేపమండలు వేలాడాయి. సబ్బు, కొబ్బరినూనె దొడ్లోకి వెళ్లిపోయాయి. నేను ఉతికి ఆరేసి పెట్టుకున్న చీర మడతలు పెట్టెలోకి పోయాయి. వదిన పసుపు నీళ్లలో ముంచి ఆరేసిన ఒక్క దుప్పటి పరిచి, దానిమీద వేపాకు పోసి, ఆ వేపాకు మీద తల్లిని పడుకోబెట్టింది. అమ్మవారు వెళ్లేదాకా ఆ పక్క కదపడానికి లేదు. తడిసిన చోట పైన ఇంకో గుప్పెడు వేపాకు వేసేది. "తల్లికి చెమట పడతంది" అనేది. ఆ మాట వదినకు ఎవరూ నేర్పలేదు, ఇంటి గాలిలోనే ఉందేమో.

పైగా చలవ చెయ్యాలని మజ్జిగ, కొబ్బరినీళ్లు. మంచినీళ్లకు మొహం తిప్పుకున్న మనిషి అమ్మవారి పేరు మీద ఇచ్చినవన్నీ గటగటా తాగింది. తాగినవన్నీ ఎక్కడికి పోతాయి? ఆ వేపాకులోకే.

వీధిలో ఆడవాళ్లు వచ్చారు. ఈసారి ముక్కులకు కొంగులు లేవు. పెరుగు ముంత, కొబ్బరికాయ గుమ్మం దగ్గర పెట్టి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. "చల్లగా చూడు తల్లీ" అన్నారు. మా అత్త నిద్ర నటించలేదు. తల కొంచెం ఎత్తి అందరినీ పేరుపేరునా పలకరించింది. ఆమె జారిపడిన దగ్గర్నుంచి మొహంలో అంత కళ నేను చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పైన దణ్ణాలు, కింద నానిపోతున్న ఒళ్లు.

అమ్మవారంటే నాకు భయం లేదనుకోకండి. చిన్నప్పుడు తమ్ముడికి పోసినప్పుడు మా అమ్మ తిండి మానేసి తలుపు దగ్గర కూర్చుంది. ఆ భయం నా ఎముకల్లోనే ఉంది. నేనిప్పుడు ఎదురు తిరిగి కడిగాననుకో, ఆ తర్వాత ఈమెకు ఏదైనా అయిందనుకో, కోడలు తల్లికి అపచారం చేసి అత్తను చంపిందని మాచర్ల మాచర్లంతా అంటుంది. కడక్కపోతే ఆ గుంట. రెంటి మధ్యా నేను వంటింట్లో తాలింపు లేని పప్పు కలుపుతూ నిలబడేదాన్ని.

వదిన స్నానానికి వెళ్లినప్పుడు దొంగలా లోపలికి వెళ్లి, వేపాకు పక్కకు నెట్టి, ఎముక మీద నొక్కి చూశాను. తెల్లబడింది. కానీ ఎరుపు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. అత్త కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. మర్నాడు మళ్లీ చూద్దామంటే వదిన మంచం పక్కనుంచి లేవలేదు. ఆ పొద్దునే నేను వదినతో మళ్లీ అన్నాను. "తల్లయితే మొగాన, రొమ్మున ముందు పోస్తది గదా వదినా. తడి ఉన్నకాడే ఎందుకుంది?" వదిన ఏడ్చేసింది. "ఆయమ్మ ఇష్టం, యాడ కూచుంటే మనకెందుకే? మా అమ్మని నాకు దక్కనియ్యి" అంది. అలా ఏడ్చే మనిషితో ఏం వాదిస్తాం.

ఆ మర్నాడు మధ్యాహ్నం వదిన బిందె తీసుకుని అమ్మవారి గుడి దగ్గర వేపచెట్టుకు నీళ్లు పోయడానికి వెళ్లింది. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. నేను తలుపు గడియ పెట్టి అత్త దగ్గరికి వెళ్లాను. పక్కకు తిప్పి వేపాకంతా ఊడ్చేశాను. ఆకులు చర్మానికి అంటుకుని అచ్చులు పడి ఉన్నాయి. ఎముక మీద ఎరుపు ఊదా రంగులోకి తిరిగింది. బొటనవేలు పెట్టి నొక్కాను. తెల్లబడలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాను. ఆ రంగు అలాగే ఉండిపోయింది. పక్కనే రూపాయి బిళ్లంత మేర పైచర్మం లేచిపోయి పచ్చిగా ఉంది.

మంచం పట్టె మీద కూలబడ్డాను. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. అయినా గొంతు తగ్గించే అడిగాను.

"అత్తా, ఈ వీధిలో తల్లి ఎవురింటికొచ్చినా నీళ్లెప్పుడు పొయ్యాలో చెప్పేది నువ్వే గదా. నీకెప్పుడు పొయ్యాలో నువ్వే చెప్పు."

"ఇంకా పొక్కులు ఎండలేదుగా" అంది గోడవైపు చూస్తూ.

"ఎండవు. కింద తడున్నన్నాళ్లు ఎండవు." ఆసుపత్రి వార్డులో చివరి మంచం మీద నేను చూసింది అప్పుడు చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ గుంట ఎక్కడుందో, ఎంతుందో ఆమె వీపు మీదే వేలితో గీసి చూపించాను.

ఆమె నా చెయ్యి తోసేసింది. "నాకు తెలవదనుకున్నావా? ఎంతమందిని చూసినదాన్ని. మొగాన ఒక్కటి లేకుండా తల్లి ఎవురికన్నా పోస్తదా?"

"మరి కల్లోకొచ్చిందన్నావు?"

"నువ్వు తడికి ఒరిసిందన్నావు గదే. నా కూతురి ముందర." గోడవైపు నుంచి మొహం నా వైపు తిప్పింది. "పొక్కులు చూసి అది చేతులెనక్కి తీసుకుంది చూశావా? తల్లి అనంగానే అవే చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఈ నాలుగు నాళ్లు ఒక్కళ్లు ముక్కు మూసుకోలా. నన్ను మనిషిలాగా చూశారే. ఇప్పుడు నువ్వు నీళ్లు పోస్తే తల్లి పోద్ది. ఉచ్చలో పడున్న ముసల్ది మిగులుద్ది."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది, ముక్కులు మళ్లీ మూసుకుంటారు, అది మా ఇద్దరికీ తెలుసు. ఒక్కటే చెప్పాను. "మిగిలితే చాలు. నువ్వు మిగిలితే నాకు చాలు." అని కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఏడాదిగా రోజూ పోట్లాడుకున్న మనిషితో అలాంటి మాట అంటానని నేనూ అనుకోలేదు.

తలుపు దబదబా కొట్టింది వదిన. గడియ తీయగానే, ఊడ్చిన వేపాకు కుప్ప చూసి నా మీదికి వచ్చింది. "ఏం చేశావే? తల్లి పక్క కదిలిస్తావా?"

లోపలినుంచి మా అత్త గొంతు వచ్చింది. పాత గొంతు, వీధి చివరికి వినపడే గొంతు. "ఏమే, అరవమాక. తల్లి ఎల్లిపోతానంది. నీళ్లు కాచండి."

"ఇంకా ఎండకముందే ఎట్టా పోస్తారే అమ్మా?"

"చెప్పేది నువ్వా నేనా?"

వదిన వెళ్లి పొయ్యి రాజేసింది. వేపాకు, పసుపు వేసి కాచి, చల్లార్చిన నీళ్లు ఇద్దరం కలిసి పోశాం. వదిన పెరుగన్నం ముద్ద దిష్టి తీసి వీధి మూల పెట్టి వచ్చింది. నేను పెట్టె తెరిచి చీర మడతలు బయటికి తీశాను. మర్నాడు ఇంటికొచ్చి చూసిన డాక్టరు ఆ పొక్కులు తడికి పట్టిన ఫంగస్ అని ఊదారంగు మందు రాయమన్నాడు. పుండును రోజూ కడిగి, దానిమీద బరువు పడకుండా పక్కలకే పడుకోబెట్టమన్నాడు. ఇంకో వారం ఆలస్యమైతే అంటూ మాట మింగేశాడు. మధ్యాహ్నాలు గుమ్మానికి చీర అడ్డం కట్టి, ఆమె నడుముకు బట్టలేకుండా గాలి తగలనిచ్చేదాన్ని. ముదిరిన పుండు మానడం అంటే మాటలు కాదు. ఒక రోజు ఎర్రగా ఆశ చూపించేది, ఒక రోజు చీము చూపించేది. వానలు పడేనాటికి గాని పైన పలచటి పొర కట్టలేదు. అది కట్టాక కూడా నాకు ధైర్యం లేదు. ఒక్క పూట తడిలో దాచుకుని పడుకుందంటే పలచటి పొర లేచిపోతుంది. పిలవడం, పిలవకపోవడం అంతా ఆమె చేతిలోనే ఉంది.

వానల్లో ఒక సాయంత్రం వదిన మళ్లీ వచ్చింది. వీధిలో ఆడవాళ్లు నలుగురు చూడటానికి వచ్చి, వాన పట్టుకోవడంతో గుమ్మం దగ్గర ఆగిపోలేక లోపలికే వచ్చి గచ్చు మీద కూర్చున్నారు. మిరప నార్ల గురించి ఏదో మాట సాగుతోంది. మా అత్త కూడా మాట కలుపుతోంది. ఉన్నట్టుండి ఆపేసింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆమె కళ్లు ఒకసారి కూతురి మీద, ఒకసారి ఆ నలుగురి మీద తిరిగి నా దగ్గర ఆగాయి. ఎప్పటిలాగే సాంబ్రాణి అడుగుతుందనుకున్నాను.

"ఏమే, ఉచ్చ పోసుకున్నా. రా" అంది.

ఒకామె చెయ్యి తెలియకుండానే కొంగు మీదికి పోయింది. మా అత్త ఆమెనే చూస్తూ "మూసుకుంటే మూసుకో గాని, ఎలుతురుకి అడ్డం లెగు" అంది. అందరూ వానలోనే లేచి వెళ్లిపోయారు. వదిన మాత్రం ఉండిపోయింది. నేను చెప్పకముందే వచ్చి తల్లిని పక్కకు తిప్పి పట్టుకుంది, ఈసారి చేతులు వెనక్కి తీసుకోలేదు.

కడిగి, అద్ది, ఆరనిచ్చి, ఆ లేత చర్మం పక్కన బొటనవేలితో నొక్కాను. తెల్లబడింది. వేలు తీశాను. ఎరుపు తిరిగొచ్చింది.

"ఎట్టా ఉందే?" అంది అత్త గోడవైపు మొహం పెట్టుకునే.

"బాగుంది."

"అయితే కాసిని మంచినీళ్లియ్యి. పొద్దుట్నుంచి దప్పిగ్గా ఉంది."